అక్క కాన్పుకొచ్చింది, నాయన వరండాలో బీడీ తాగతాడు. ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టిస్తే చాలా?

కావలి కుర్రోడు

మాది కావలి పక్కన పల్లె. అక్కకు ఏడో నెల, సీమంతం చేసి పుట్టింటికి తీసుకొచ్చాం. కాన్పయ్యాక మూడు నెలలైనా ఇక్కడే ఉంటది. నాయనకు అరవై రెండు. రోజుకు కట్ట బీడీలు, ఒక్కోరోజు కట్టన్నర. గదుల్లో తాగడు, ఆ మర్యాద ఉంది. తూర్పు వరండాలో బల్ల మీద కూర్చుని తాగతాడు. అక్క పడుకునే గది కిటికీ ఆ వరండాలోకే తెరుచుకుంటది.

కిటికీ మూసేసి గదికి ఎగ్జాస్ట్ ఫ్యాన్ బిగిస్తే పొగ గొడవ తీరుతుందా? పది పన్నెండు వేలు పెట్టి ఎయిర్ ప్యూరిఫయర్ కొంటే ఏమన్నా ఉపయోగమా? అసలు ఎంత దూరంలో తాగితే ఇంట్లోకి రాదు? మానేయమంటే "బయటే గదరా తాగతా ఉండా, ఇంకేందిరా మీ గోల" అంటాడు. గట్టిగా అనలేం. మాన్పించే దారి ఉంటే అదీ చెప్పండి.

గాలివాటం

ఎగ్జాస్ట్ ఫ్యాన్ జోలికి పోవద్దు, మీ ఇంటి వాటంలో అది మేలు కంటే కీడే ఎక్కువ చేస్తుంది. ఫ్యాన్ గదిలో గాలిని బయటికి తోస్తే, అంత గాలీ మళ్లీ ఎక్కణ్ణుంచో లోపలికి రావాలి కదా. కిటికీ రెక్కల సందుల్లోంచి, తలుపు కింద నుంచి వస్తుంది. మీ కిటికీ ఉన్నది వరండాలోకి. అంటే నాయన బీడీ వెలిగించిన ప్రతిసారీ ఆ ఫ్యానే పొగను గదిలోకి లాక్కొచ్చి పెడుతుంది.

ప్యూరిఫయర్ సంగతి. హెపా ఫిల్టర్ పట్టేది కణాలను. పొగలోని కార్బన్ మోనాక్సైడు దానికి చిక్కదు. మిగతా ఆవిర్లకు బొగ్గు ఫిల్టర్ కావాలి, ఇళ్లలో వాడే మోడళ్లలో అది నామమాత్రం. పైగా గది తలుపులు మూసి ఉంచితేనే ఆ యంత్రానికి పని. మన ఎండలకు తలుపులు మూసుకుని ఎవరుంటారు? ఆ డబ్బులు దాచుకోండి, మందులకు పనికొస్తాయి.

పొగ గురించి ఒక మాట తెలుసుకుంటే మిగతాదంతా సులువు. కంటికి కనిపించేది కొంతే. పొగ కణాలు దాదాపు అన్నీ ఒక మైక్రాన్ (మిల్లీమీటరులో వెయ్యో వంతు) కంటే చిన్నవి, నేల మీద వాలవు, మూసిన గదిలో గంటల తరబడి తేలుతూనే ఉంటాయి. వాసన పోయింది కాబట్టి పొగ పోయిందనుకోవడం పొరపాటు. అగరబత్తీ, రూమ్ స్ప్రే వాసనను కప్పుతాయి, అంతే. సిగరెట్ అయితే గదిలో చేరే పొగలో దాదాపు 85 శాతం కాలే కొస నుంచి నేరుగా వచ్చేదే. లాగనప్పుడు ఆ కొస తక్కువ వేడి మీద, అరకొరగా కాలుతుంది. అందుకే గ్రాము పొగాకు లెక్కన చూస్తే కార్బన్ మోనాక్సైడు, అమ్మోనియా, క్యాన్సర్ తెచ్చే నైట్రోసమీన్లు అందులోనే ఎక్కువ. బీడీ లాగకపోతే ఆరిపోతుంది కాబట్టి మాటిమాటికీ లాగాల్సిందే. తునికాకు గాలి ఆడనివ్వదు, అందువల్ల పొగాకు తక్కువున్నా తారు, కార్బన్ మోనాక్సైడు సిగరెట్ కంటే ఎక్కువే దిగుతాయి. ఆకులో చుట్టింది కాబట్టి మేలనే మాట ఉత్తది.

దూరం: ఆరుబయట, గాలి ఆడే చోట, రెండు మీటర్లు దాటితే పొగ బాగా పలచబడుతుంది. ఇది ఆరుబయటకే. వరండాకు పైన కప్పుంది, వెనక గోడ ఉంది, అక్కడ పొగ నిలుస్తుంది. తలుపు కిటికీలకు ఏడెనిమిది మీటర్లు ఎడం ఉండేట్టు చూసుకోండి. గాలి దిక్కు కూడా చూడాలి. మీ వైపు ఎండాకాలంలో పొద్దెక్కినాక సముద్రపు గాలి తూర్పు నుంచి తిరుగుతుంది, సాయంత్రం దాకా అదే. తూర్పు వరండాలో తాగిన పొగ నేరుగా ఇంట్లోకే పోతుంది. బల్ల తీసి పడమటి పెరట్లో, ఇంటికి దూరంగా వేయండి. పెద్దాయన కూర్చునే చోటు మార్చాలంటే ముందు ఆయన బల్ల మారాలి. వరండాలో బల్ల ఉన్నన్నాళ్లూ ఆయన అక్కడే కూర్చుంటారు.

తాగొచ్చాక కూడా కొంత ఉంది. ఆఖరి దమ్ము తర్వాత దాదాపు నిమిషం పాటు ఊపిరితో పొగ కణాలు వస్తూనే ఉంటాయి. పది నిమిషాలు బయటే ఉండి, సబ్బుతో చేతులు, మూతి, మీసం కడుక్కుని, చొక్కా మార్చుకుని అప్పుడు లోపలికి రావాలి. బీడీకని ఒక పాత చొక్కా, తువ్వాలు పెరట్లో కొక్కేనికి ఉంచితే సరి, అవి లోపలికి రాకూడదు.

ఇన్నేళ్లుగా వరండాలో తాగారు కాబట్టి ఆ గది కర్టెన్లు, పరుపు, గోడలకు నికోటిన్ పట్టే ఉంటుంది. గాలిలోని నైట్రస్ ఆమ్లంతో (గ్యాస్ పొయ్యి మంట నుంచి కూడా పుడుతుంది) కలిసి అక్కడే నైట్రోసమీన్లు తయారవుతాయని 2010లో తేలింది. పాకే వయసు పిల్లలు అన్నీ తాకి చేతులు నోట్లో పెట్టుకుంటారు. బిడ్డ పుట్టకముందే కర్టెన్లు ఉతికి, గోడలు, కిటికీ చువ్వలు సబ్బునీళ్లతో తుడవండి. తుడవకుండా సున్నం గానీ రంగు గానీ వేస్తే లోపలి నికోటిన్ మళ్లీ పైకి ఊరుతుంది.

స్టాఫ్ నర్సు, ఒంగోలు

గాలివాటం గారు ఇంటి సంగతి చెప్పారు, నేను తల్లీబిడ్డల సంగతి చెప్తాను.

కార్బన్ మోనాక్సైడు మన రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. అది పట్టుకున్నంత మేర బిడ్డకు ఆక్సిజన్ తగ్గినట్టే. నికోటిన్ కూడా మావి దాటి బిడ్డకు చేరుతుంది. తల్లి బీడీ ముట్టకపోయినా, పక్కవాళ్ల పొగ పీలిస్తే బిడ్డ 2.5 కిలోల కంటే తక్కువ బరువుతో పుట్టే అవకాశం పెరుగుతుంది. మీ అక్క హిమోగ్లోబిన్ ఎంతుందో కార్డులో చూడండి. 11 గ్రాముల కంటే తక్కువుంటే ఉన్న రక్తమే తక్కువ, అందులో కొంత ఈ వాయువు ఆక్రమిస్తే మరీ ఇబ్బంది. ఐరన్ మాత్రలు మానకూడదు.

పుట్టాక: పొగ ఉన్న ఇంట్లో పసిబిడ్డలకు న్యుమోనియా, పిల్లికూతలు, చెవిలో చీము ఎక్కువ. ఏ జబ్బూ లేని బిడ్డ నిద్రలోనే ఊపిరాగి పోవడం కూడా పొగ తాగే ఇళ్లలో ఎక్కువ. అందుకని బిడ్డను ఎప్పుడూ వెల్లకిలా పడుకోబెట్టండి, పొగ తాగేవాళ్లు బిడ్డతో ఒకే పక్కలో పడుకోకూడదు. తాతయ్య ఎత్తుకోకూడదని కాదు. చొక్కా మార్చుకుని, చేతులు కడుక్కుని శుభ్రంగా ఎత్తుకోవచ్చు.

జలుబు చేసినప్పుడు ఊపిరి లెక్కపెట్టడం ఇంట్లో ఒకరైనా నేర్చుకోండి. బిడ్డ ఏడవకుండా, పాలు తాగకుండా ఉన్నప్పుడు చొక్కా పైకెత్తి పొట్ట, ఛాతీ కదలిక చూస్తూ నిండా ఒక నిమిషం లెక్కపెట్టాలి. అర నిమిషం లెక్కపెట్టి రెండింతలు చేస్తే తప్పొస్తుంది, పసిబిడ్డల ఊపిరి ఒకే తీరుగా ఉండదు. రెండు నెలల లోపు బిడ్డకు నిమిషానికి 60 గానీ అంతకు మించి గానీ ఉంటే మరోసారి లెక్కపెట్టండి, మళ్లీ అంతే ఉంటే ఆస్పత్రికి బయల్దేరాల్సిందే. రెండు నెలల నుంచి ఏడాది దాకా 50, ఏడాది దాటితే 40. ఊపిరి తీసినప్పుడు డొక్కలు లోపలికి గుంజుకుపోతున్నా, పాలు పట్టకపోయినా, పెదాలు నీలంగా మారినా లెక్కలు పెట్టుకుంటూ కూర్చోకుండా 108కి ఫోన్ చేయండి.

ఇప్పుడు అసలు తగాదా వచ్చే విషయం, సాంబ్రాణి. బీడీ మాన్పిస్తామని పట్టుబట్టే ఇళ్లలోనే స్నానం కాగానే బిడ్డను బుట్ట మీద బోర్లించి నిప్పుల మీద సాంబ్రాణి వేస్తారు. ఆ నిప్పుల నుంచి వచ్చేదీ కార్బన్ మోనాక్సైడే, ఆ తెల్ల పొగలో ఉన్నవీ ఊపిరితిత్తుల అడుగు దాకా పోయే కణాలే. మందుపొగ కాబట్టి మంచిదనే నమ్మకానికి ఆధారం లేదు. "తల ఆరకపోతే రొంప పడుతుంది" అని అమ్మమ్మలు అంటారు, ఆ భయం అర్థం చేసుకోదగ్గదే, దానికి దారి వేరే ఉంది. పది, పదకొండు గంటలకు ఎండ కాస్త కాసినాక స్నానం చేయించండి, స్నానం ఐదు నిమిషాల్లో అయిపోవాలి, పాత నూలు చీర ముక్క రెండు మడతలు పెట్టి తల అద్దండి. రెండో ముక్క పొడిగా సిద్ధంగా పెట్టుకోండి. పసివాళ్ల జుట్టు అంతలోనే ఆరిపోతుంది. వాసన కోసమే అయితే బిడ్డ ఇంకో గదిలో ఉన్నప్పుడు దేవుడి దగ్గర వేసుకోండి.

దోమల చుట్ట (కాయిల్) అంతకంటే పెద్ద దొంగ. ఒక్క చుట్ట పూర్తిగా కాలితే వదిలే పీఎం 2.5 కణాలు (2.5 మైక్రాన్లు, అంతకంటే చిన్నవి) 75 నుంచి 137 సిగరెట్లు వదిలేటంత ఉంటాయని 2003లో వచ్చిన పరిశోధన లెక్కగట్టింది. రాత్రంతా తలుపులేసుకుని ఆ పొగలో పడుకుంటే పగలు నాయన బీడీ మాన్పించి ఏం లాభం? నెల్లూరు దోమల సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు, దోమతెర కట్టాల్సిందే. అంచులు పరుపు కిందికి దోపాలి, వేలాడదీసి వదిలేస్తే లోపలికొచ్చిన దోమ తెల్లార్లూ అక్కడే ఉంటుంది.

పెన్నా గట్టు

మీరంతా బో భయపెడతా ఉండారబ్బా. మా వైపు చుట్టలు కాల్చిన ముసలోళ్లు తొంభై ఏళ్లు బతకలా? పెద్దాయన అరవై దాటినాక ఇప్పుడు మానేసి ఏం చేయాల. ఫిల్టర్ సిగరెట్టుకు మార్చి, రోజుకు రెండో మూడో తాగమంటే అయిపోయె గదా.

గాలివాటం

తొంభై దాకా బతికినోళ్లు ఊళ్లో తిరుగుతూ కనిపిస్తారు. యాభై ఐదుకే పోయినోళ్లు అరుగు మీద కూర్చుని కనిపించరు కదా, లెక్కలో అదే తేడా. మానకుండా తాగేవాళ్లలో సగం మంది దాకా పొగాకు వల్లే పోతారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. మన దేశంలో ఏడాదికి సుమారు 13.5 లక్షల చావులు.

ఫిల్టర్ సిగరెట్టు: ఫిల్టర్ కాగితానికి సన్నటి బెజ్జాలుంటాయి, యంత్రం మీద పరీక్షించేటప్పుడు వాటిలోంచి గాలి కలిసి తారు తక్కువ చూపిస్తుంది. మనిషి వేళ్లతో, పెదాలతో ఆ బెజ్జాలు మూసేస్తాడు, నికోటిన్ చాలక ఇంకా లోతుగా లాగుతాడు. పక్కన కూర్చున్నవాళ్లకు కొస నుంచి వచ్చే పొగకు ఎలాగూ ఫిల్టర్ లేదు.

రోజుకు రెండు మూడు అనేది మీరు చెప్పినంత చిన్న సంగతి కాదు. రోజుకు 20 సిగరెట్లు తాగేవాడికి గుండెజబ్బు ముప్పు ఎంత పెరుగుతుందో, ఒక్కటి తాగేవాడికి కూడా అందులో దాదాపు సగం పెరుగుతుందని 2018లో చాలా అధ్యయనాలు కలిపి చూసి తేల్చారు. ఊపిరితిత్తుల క్యాన్సర్ తాగిన లెక్కను బట్టి పెరుగుతూ పోతుంది, గుండె అట్లా కాదు. రక్తనాళాల లోపలి పొర, రక్తం గడ్డకట్టించే ప్లేట్‌లెట్లు కొంచెం పొగకే రెచ్చిపోతాయి. తాగనివాళ్లు ఇంట్లో, పనిచోట పక్కపొగ పీల్చినందుకే గుండెజబ్బు ముప్పు 25 నుంచి 30 శాతం పెరిగేది అందువల్లే. 2016-17 జాతీయ సర్వేలో ఇంట్లో పక్కపొగ పీలుస్తున్న పెద్దవాళ్లు 38.7 శాతం. తాగేవాళ్లేమో 10.7 శాతమే. ఒకడి బీడీకి ఎంతమంది బలవుతున్నారో చూసుకోండి.

అరవై దాటి మానితే లాభం లేదనే మాట కూడా తప్పు. 20 నిమిషాల్లో నాడి వేగం తగ్గుతుంది, ఒకటి రెండు రోజుల్లో రక్తంలో కార్బన్ మోనాక్సైడు మామూలుకొస్తుంది, ఏడాదికి గుండెజబ్బు అదనపు ముప్పు సగమవుతుంది.

కావలి కుర్రోడు

బల్ల ఈ రోజే జరిపిస్తా. అందరికీ థాంక్స్. నాయన గురించి ఇంకో మూడు ముక్కలు. బీపీ మాత్ర వాడతాడు, మూడేళ్ల కిందట స్టెంటు వేశారు. దవడ పళ్లు ఊడిపోయినాయి. పొద్దున లేవంగానే బీడీ తాగితేగానీ దొడ్డికి రాదంటాడు. ఇట్టాంటోళ్లకు నికోటిన్ చూయింగ్ గమ్ పనికొస్తదా?

మందుల షాపు, ట్రంకు రోడ్డు

చివరి ముక్కతో మొదలుపెడతా, చాలామంది మళ్లీ బీడీ పట్టేది దానివల్లే, సిగ్గుపడి ఎవరూ చెప్పరు. నికోటిన్ పేగులను కదిలిస్తుంది. మానేస్తే రెండు నుంచి నాలుగు వారాలు మలబద్ధకం మామూలే. మానే రోజుకు నాలుగైదు రోజుల ముందు నుంచే రాత్రి పడుకునేటప్పుడు ఒకటి రెండు చెంచాల ఇసబ్‌గోల్ నిండు గ్లాసు నీళ్లలో కలిపి తాగించండి. నీళ్లు తక్కువైతే అదే గట్టిపడి ఇంకా బిగదీస్తుంది. లేవగానే గోరువెచ్చటి నీళ్లు రెండు గ్లాసులు, కాసేపు నడక. బీడీ లేకపోయినా పేగు పనిచేస్తుందని వారంలో ఆయనకే తెలుస్తుంది.

ఇక గమ్. లేచిన అరగంటలోపు మొదటి బీడీ పడితేనే రోజు గడిచేవాళ్లకు 2 మి.గ్రా. చాలదు, 4 మి.గ్రా. కావాలి. 2 మి.గ్రా. చీటీ లేకుండా దొరుకుతుంది, 4 మి.గ్రా.కు డాక్టరు చీటీ కావాలి. కానీ మీ నాయనకు దవడ పళ్లు లేవంటున్నారు కాబట్టి గమ్ వద్దు, చప్పరించే బిళ్లలు అడగండి. బుగ్గన పెట్టుకుని అటూ ఇటూ మారుస్తూ ఇరవై, ముప్పై నిమిషాలు కరగనివ్వాలి. కొరకకూడదు, మింగకూడదు. నికోటిన్ బుగ్గ పొర నుంచే రక్తంలోకి పోవాలి, కడుపులోకి పోతే ఎక్కిళ్లు, గుండెల్లో మంట, వికారం తప్ప ఉపయోగం లేదు.

గమ్ వాడే మిగతావాళ్ల కోసం: అది బబుల్‌గమ్ కాదు. మెల్లగా పది పదిహేనుసార్లు నమిలితే మిరియం ఘాటు తగులుతుంది, అప్పుడు ఆపి బుగ్గకూ చిగురుకూ మధ్య పెట్టేయాలి. ఘాటు పోయాక మళ్లీ నాలుగుసార్లు నమిలి ఇంకో వైపు పెట్టాలి. ఇట్లా అరగంట. తాంబూలం అలవాటున్నవాళ్లు ఊరికే నమిలి రసం మింగుతారు, "నాకు పడలా" అని రెండో రోజే పారేస్తారు.

బిళ్లైనా గమ్ అయినా, వేసుకునే ముందు పావుగంట, నోట్లో ఉన్నంతసేపూ టీ, కాఫీ, కూల్‌డ్రింకు, మజ్జిగ వద్దు. నోట్లో పులుపు చేరితే నికోటిన్ లోపలికి ఎక్కదు. మా షాపుకొచ్చి "పనిచేయలా" అనేవాళ్లలో ఎక్కువమందికి కారణాలు రెండే: టీ తాగి వెంటనే వేసుకోవడం, రోజుకు రెండు మూడే వాడటం. మొదటి ఆరు వారాలు గంటకో రెండు గంటలకో ఒకటి, రోజుకు కనీసం తొమ్మిది పడాలి. ఏడు నుంచి తొమ్మిదో వారం దాకా రెండు నుంచి నాలుగు గంటలకొకటి, పన్నెండో వారానికి నాలుగు నుంచి ఎనిమిది గంటలకొకటి, అక్కడితో ఆపు. గమ్ అయితే రోజుకు 24, బిళ్లలైతే 20 దాటకూడదు. ఖర్చు బీడీల కంటే ఎక్కువే అవుతుంది, ముందే చెప్తున్నా, కానీ పన్నెండు వారాలే.

స్టెంటు వేసి మూడేళ్లయి నొప్పి లేకుండా ఉంటే నికోటిన్ బిళ్లలు సాధారణంగా ఇబ్బంది కాదు, బీడీలో నికోటిన్‌తో పాటు దిగే పొగ కంటే వందరెట్లు నయం. అయినా గుండె డాక్టరును ఒకమాట అడిగి మొదలుపెట్టండి. గుండెపోటు వచ్చి రెండు వారాలు కానివాళ్లు, ఛాతీనొప్పి పెరుగుతున్నవాళ్లు, గుండె లయ తప్పేవాళ్లు మాత్రం సొంతంగా వేసుకోకూడదు. వరెనిక్లిన్, బుప్రోపియాన్ అని మాత్రలూ ఉన్నాయి, రెండూ డాక్టరు చూసి రాయాల్సినవే. ఫిట్స్ ఉన్నవాళ్లకు బుప్రోపియాన్ ఇవ్వరు, అది బీపీని కూడా పెంచవచ్చు.

ఎవరూ చెప్పని ఇంకో సంగతి. పొగ ఆగితే కాలేయం కాఫీ, టీల్లోని కెఫీన్‌ను నెమ్మదిగా కరిగిస్తుంది. అవే నాలుగు టీలు ఇప్పుడు ఎనిమిది టీలంత పనిచేసి నిద్ర పట్టదు, చేతులు వణుకుతాయి. దాన్ని బీడీ లేక వచ్చిన తిప్పలనుకుని మళ్లీ వెలిగిస్తారు. మానిన రోజు నుంచి టీ సగం చేయండి. ఆయాసానికి థియోఫిలిన్ ఉన్న మాత్రలు వాడేవాళ్లకు కూడా ఇదే లెక్క, మందు రక్తంలో ఎక్కువవుతుంది, డాక్టరుకు చెప్పి మోతాదు మార్పించుకోవాలి.

ఎప్పుడు మొదలుపెట్టాలి? మన వైపు అయ్యప్ప మాల వేసుకుని 41 రోజులు బీడీ ముట్టనివాళ్లు ఊరికి పదిమంది ఉంటారు. వాళ్లను చూపించండి నాయనకు. మానిన మొదటి రెండు మూడు రోజులు కష్టం ఎక్కువ, రెండు నుంచి నాలుగు వారాల్లో తగ్గిపోతుంది. మాల తీసే నాటికి ఒంటి యావ దాదాపు పోయే ఉంటుంది. మరి మాల తీసిన మర్నాడే మళ్లీ ఎందుకు వెలిగిస్తారు? టీ బంకు, అదే బెంచీ, అదే స్నేహితులు. దీక్షలో ఉన్నప్పుడు దినచర్య మొత్తం మారుతుంది, చన్నీళ్ల స్నానం, పూజ, టీ బంకు కాడ కూర్చోవడం లేదు. అది తీసేసి పాత దినచర్యలోకి పోతే పాత బీడీ అక్కడే కాచుకుని ఉంటుంది. కాబట్టి మాల వేసినా వేయకపోయినా, మానే రోజు నుంచి పొద్దున టీ ఇంట్లోనే ఇవ్వండి, అన్నం తినగానే చేతికి సోంపు ఇచ్చి లేపేయండి. యావ పుట్టినా మూడు నుంచి ఐదు నిమిషాలకు మించి ఉండదు, అంతసేపు ఏదో ఒక పనిలో పెడితే చాలు.

మొదటి వారాల్లో దగ్గు పెరుగుతుంది, ఊపిరి గొట్టాల్లోని వెంట్రుకల్లాంటి సన్నటి పోగులు మళ్లీ కఫం ఊడ్చడం మొదలుపెడతాయి కాబట్టి. భయపడక్కర్లేదు. కానీ రెండు వారాలు దాటితే కఫం పరీక్ష చేయించండి, పొగ తాగేవాళ్లకు క్షయ ముప్పు ఎక్కువ. కఫంలో రక్తం పడ్డా, గొంతు మూడు వారాలు బొంగురుగా ఉన్నా, నోట్లో తెల్లమచ్చ ఉన్నా పరీక్ష తప్పదు.

బీడీ మాని ఖైనీ పెట్టుకుంటే మానినట్టు కాదు, నోటి క్యాన్సర్ వైపు తిరిగినట్టు. ఈ-సిగరెట్ల మాట ఎత్తొద్దు, 2019 నుంచి అమ్మకమే నిషేధం. ఫోన్లో మాట్లాడి ధైర్యం చెప్పేవాళ్లు కావాలంటే 1800-11-2356, ఉచితం, తెలుగులోనూ మాట్లాడతారు. కొడుకు చేసి ఫోన్ చేతిలో పెడితే పెద్దాయన కట్ చేస్తారు, ఆయన చేతే చేయించండి.

కొండపి రైతుబిడ్డ

సందర్భం వచ్చింది కాబట్టి అడుగుతున్నా. మా వైపు పొగాకు కోతల్లో, కర్రలకు ఆకు కట్టే పనికి కడుపుతో ఉన్నవాళ్లు కూడా వస్తారు. పొద్దున్నే మంచులో ఆకు మోసినాక తలతిరుగుడు, వాంతులు అంటారు. కడుపుతో ఉన్నారు గదా అని వేవిళ్లనుకుంటారు. అది పొగాకు వల్లేనా? బ్యారన్ (ఆకును వేడికి ఆరబెట్టే కొట్టం) పొగ వల్లా?

స్టాఫ్ నర్సు, ఒంగోలు

బ్యారన్ కంటే తడి ఆకే కారణం అయ్యుంటుంది. పచ్చాకులోని నికోటిన్ నీళ్లలో కరుగుతుంది. మంచు తడిసిన ఆకు చంకన పెట్టుకుంటే ఆ నీళ్లు చొక్కా తడిపి చర్మంలోంచి నేరుగా రక్తంలోకి పోతాయి. పనిలోకి దిగిన కొన్ని గంటల్లో తలనొప్పి, వికారం, వాంతులు, కళ్లు తిరగడం వస్తాయి, రాత్రి నిద్ర పట్టదు, ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది. ఆరో నెలలో, అదీ ఆకు పనికి పోయిన రోజే వాంతులైతే అవి వేవిళ్లు కాదు.

మంచు ఆరాకే కోతకు దిగాలి. నిండు చేతుల చొక్కా, రబ్బరు తొడుగులు, నడుముకు, చంకకు ప్లాస్టిక్ పట్టా కట్టుకోవాలి. చొక్కా తడిస్తే ఆ తడిబట్టతోనే సాయంత్రం దాకా ఉండకూడదు, మార్చుకోవాలి. అన్నం తినే ముందు సబ్బుతో మోచేతుల దాకా కడగాలి. వాంతులు ఆగకపోయినా, గుండె దడగా ఉన్నా, ఊపిరి ఇబ్బందైనా ఆస్పత్రికి తీసుకెళ్లి "పచ్చ పొగాకు పనిలో ఉంది" అని తప్పకుండా చెప్పండి, చెప్పకపోతే పురుగుమందు అనుకునే ప్రమాదం ఉంది, లక్షణాలు దగ్గరదగ్గరగా ఉంటాయి. కడుపుతో ఉన్నవాళ్లను, పాలిచ్చేవాళ్లను, పిల్లలను ఈ పనికి పెట్టనే కూడదు. నికోటిన్ చర్మంలోంచి వచ్చినా బీడీలోంచి వచ్చినా బిడ్డకు ఒకటే. పాలిచ్చే తల్లి ఆ బట్టలతో బిడ్డను ఎత్తుకోవద్దు.

కావలి కుర్రోడు

ఇంకో మాట అన్నా, పట్టీలు ఉంటాయంట గదా, రోజుకొకటి అతికించుకునేవి. నాయనకు చప్పరించడం కుదరకపోతే అవి వాడొచ్చా? ఈ ఎండలకు నిలుస్తాయా?

మందుల షాపు, ట్రంకు రోడ్డు

వాడొచ్చు. పట్టీ మీద బిళ్లలు కూడా కలిపి వాడితే ఒక్కదాని కంటే బాగా పనిచేస్తుంది. పట్టీ రోజంతా ఒకే మట్టంలో ఇస్తుంది, యావ గట్టిగా పుట్టినప్పుడు బిళ్ల ఆదుకుంటుంది. రోజుకు పదికి మించి తాగేవాళ్లకు మామూలుగా 21 మి.గ్రా. ఆరు వారాలు, 14 రెండు వారాలు, 7 రెండు వారాలు. స్టెంటు ఉంది కాబట్టి ఏ మోతాదుతో మొదలుపెట్టాలో డాక్టరు చెప్పాలి.

ఎండకు ఊడిపోతాయి, నిజమే. పొద్దున స్నానం చేసి ఒళ్లు పూర్తిగా ఆరాక, వెంట్రుకలు లేని చోట, జబ్బ పైన గానీ వీపు పైభాగాన గానీ అతికించి అరచేత్తో పది సెకన్లు నొక్కాలి. ఆ చోట కొబ్బరినూనె, పౌడరు ఉండకూడదు. రోజూ చోటు మార్చాలి, లేకపోతే ఎర్రగా దద్దురు లేస్తుంది. పీడకలలు వస్తుంటే రాత్రి పడుకునే ముందు తీసేయమనండి. కత్తెరతో సగం చేసి వాడొద్దు.

మీ ఇంట్లోకి బిడ్డ రాబోతోంది కాబట్టి ఇది ముఖ్యం. వాడి తీసేసిన పట్టీలో ఇంకా బోలెడు నికోటిన్ మిగిలే ఉంటుంది. అంటుకునే వైపు లోపలికి మడిచి, మూతున్న డబ్బాలో వేసి, నేరుగా చెత్త బండికి ఇవ్వండి. బిళ్లల డబ్బా కూడా బల్ల మీద, దిండు కింద కాదు, అలమరాలో పై అరలో పెట్టండి.